మెనూలో లోటు లేదు, ఎదుగుదల ఆగింది: నెల్లూరు మెట్టలో ఒక హాస్టల్ బాలిక కేసు

పదమూడేళ్లు నిండిన ఆడపిల్ల. ఎనిమిదో తరగతి. నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలో, ఉదయగిరి వైపు, ఒక ప్రభుత్వ బాలికల వసతి పాఠశాలలో ఆరో తరగతిలో చేరింది. 2023 సెప్టెంబర్‌లో అక్కడి పీఈటీ మేడం ఒక సంగతి గమనించారు. కబడ్డీలో ముందుండే పిల్ల రెండు కూతలకే ఆయాసపడి కూర్చుంటోంది, మధ్యాహ్నం క్లాసులో బల్ల మీద తల వాల్చేస్తోంది. స్కూల్ ఏఎన్ఎమ్ (నర్సమ్మ) కనురెప్ప కిందకు లాగి చూసి, పాలిపోయి ఉందని నా దగ్గరికి పంపారు. నేను నెల్లూరులో పిల్లల డాక్టర్‌ని. ఆ చుట్టుపక్కల హాస్టళ్లకు హెల్త్ చెకప్‌లకు వెళ్తుంటాను.

పాప, వాళ్లమ్మ ఇద్దరూ ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. పేరు, ఊరు, స్కూలు చెప్పడం లేదు.

రక్తహీనత ఒక్కటే అయితే ఇంత రాయాల్సిన పని లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. మన దగ్గర ఏ హాస్టల్‌కి వెళ్లినా అది కనిపిస్తుంది. ఈ కేసులో నన్ను ఆపింది వేరే విషయం. ఆ స్కూల్లో తిండి బాగానే ఉంది. గుడ్లు వస్తున్నాయి, పప్పు చిక్కగా ఉంది, రాగి జావ కాస్తున్నారు. అదే తిండి మధ్య ఉన్న పాప ఎదగడం మానేసింది.

కొలతలు

నేను చూసిన రోజు ఎత్తు 142 సెం.మీ., బరువు 29.4 కిలోలు. బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె) 14.6. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 చార్టుల ప్రకారం పదమూడేళ్ల ఆడపిల్లల సగటు ఎత్తు 156 సెం.మీ. పైమాట. మైనస్ 2 గీత, అంటే ఆ వయసు పిల్లల్లో నూటికి ఇద్దరు ముగ్గురే దానికి కింద ఉండే హద్దు, 142.5 దగ్గర ఉంటుంది. అంటే పాప ఆ గీతకు కొంచెం కిందుగా ఉంది. బీఎంఐకి మైనస్ 2 గీత 14.9. అక్కడా కిందే. కాబట్టి పొట్టిదనం, సన్నదనం రెండూ ఉన్నట్టు లెక్క.

అయితే ఒక్క రోజు కొలతతో నేను తొందరపడను. వాళ్లమ్మ కూడా పొట్టే. పుట్టినప్పుడు బరువు తక్కువ, చిన్నప్పుడు విరేచనాలతో చాలాసార్లు ఆసుపత్రి పాలైంది. పదమూడో ఏట కనిపించే పొట్టిదనంలో చాలా భాగం మొదటి రెండేళ్లలోనే తయారై ఉంటుంది. ఇప్పుడు ఎదుగుతోందా లేదా అన్నదే నాకు కావాలి. అందుకని స్కూల్ హెల్త్ రిజిస్టర్ తెప్పించాను. ప్రతి జూన్‌లో కొలతలు రాశారు, చక్కగానే రాశారు. ఆరో తరగతి జూన్‌లో 134 సెం.మీ., 27 కిలోలు. ఏడో తరగతి జూన్‌లో 139.5 సెం.మీ., 30.5 కిలోలు. ఒక పేజీకి, ఇంకో పేజీకి మధ్య తేడా తీసి చూసినవాళ్లు లేరు. తరగతి మారగానే రిజిస్టర్ మారుతుంది, పాత రిజిస్టర్ బీరువాలోకి పోతుంది.

తేడా తీస్తే ఇలా వచ్చింది. మొదటి ఏడాది ఐదున్నర సెంటీమీటర్లు పెరిగింది, మూడున్నర కిలోలు పెరిగింది. తర్వాతి పదిహేను నెలల్లో ఎత్తు రెండున్నర సెంటీమీటర్లే పెరిగింది, బరువు కిలోకి పైగా తగ్గింది.

ఇది ఎందుకు కంగారు పడాల్సిన విషయమో కొంచెం వివరంగా చెప్పాలి. ఆడపిల్లల్లో ఎత్తు వేగంగా పెరిగేది రజస్వల కావడానికి ముందు ఏడాది అటూ ఇటూ. ఆ సమయంలో ఏడాదికి ఎనిమిది సెంటీమీటర్ల దాకా సాగుతారు. రజస్వల అయ్యాక మిగిలేది మామూలుగా ఐదు నుంచి ఏడు సెంటీమీటర్లు, ఆ తర్వాత ఎముకల చివర్లు మూసుకుపోతాయి. పెద్దయ్యాక ఉండే బరువులో దాదాపు సగం, ఎముకల గట్టిదనంలో పెద్ద వాటా ఈ కౌమారంలోనే చేరుతుంది. ఈ పాప ఇంకా రజస్వల కాలేదు, రొమ్ము ఎదుగుదల మొదటి మెట్టులోనే ఉంది. సరిగ్గా సాగాల్సిన కాలంలో ఏడాదికి రెండు సెంటీమీటర్ల లెక్కన పెరుగుతోంది. ఇంట్లో వాళ్లకిది కనిపించదు, ఎందుకంటే పిల్ల పొట్టిగా ఉందనే అనుకుంటారు కానీ ఆగిపోయిందని అనుకోరు. గౌను బిగుతు కావట్లేదంటే బట్టలు కలిసొచ్చాయనుకుంటారు.

ఎత్తు కొలవడం గురించి కూడా ఒక మాట. చాలా హాస్టళ్లలో గోడకు అతికించిన టేపు కింద నేల సమంగా ఉండదు, జడ ముడి మీదే స్కేలు ఆనిస్తారు. రెండు సెంటీమీటర్లు అక్కడే తేడా వస్తుంది. ఈ స్కూల్లో టేపు సరిగానే ఉంది. అయినా నా దగ్గరున్న స్టాండుతో జడ విప్పించి, మడమలు ఆనించి మళ్లీ కొలిచాకే పై అంకె రాశాను.

ఇల్లు, హాస్టల్

వాళ్లకి రెండెకరాల మెట్ట ఉంది, బోరు పడలేదు. వానలు లేని ఏడు అమ్మానాన్న ఇద్దరూ చెన్నై, బెంగళూరు వైపు కట్టుబడి పనులకు పోతారు. పాపని, తమ్ముణ్ని హాస్టళ్లలో వేయడానికి కారణం అదే. వాళ్లమ్మ అన్న మాట నాకు బాగా పనికొచ్చింది.

"ఇంటికాడ బాగానే తింటది మేడం. సెలవులకొస్తే మొకం తేటగా ఉంటది. ఆడికి పోయినాక ఎండిపోతా ఉండాది."

మామూలుగా ఇందుకు వ్యతిరేకంగా వింటాం. ఇలాంటి ఇళ్ల పిల్లలు చాలామంది హాస్టల్‌కి వచ్చాకే కాస్త కండ పడతారు. ఇంటి దగ్గర రోజు మార్చి రోజు గుడ్డు ఎక్కడ దొరుకుతుంది? పైగా ఈ పాపే ఆరో తరగతిలో అదే హాస్టల్‌లో బాగా పెరిగింది. ఏడో తరగతి నుంచే తేడా వచ్చింది.

పరీక్షలు

హిమోగ్లోబిన్ 9.6. పన్నెండు దాటిన ఆడపిల్లల్లో 12 కంటే తగ్గితే రక్తహీనత, 8 నుంచి 10.9 మధ్య ఉంటే ఒక మోస్తరు రకం. ఎర్రకణాలు చిన్నవిగా, పాలిపోయి ఉన్నాయి, అంటే ఐరన్ లోపం. థైరాయిడ్, షుగర్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ అన్నీ సరిగానే ఉన్నాయి. దగ్గు, జ్వరం లేవు, ఇంట్లో టీబీ లేదు, ఛాతీ ఎక్స్‌రే బాగుంది. మా మెట్టలో ఫ్లోరైడ్ ఎక్కువున్న బోర్లున్న ఊళ్లు ఉన్నాయి కాబట్టి పళ్లు, మోకాళ్లు ప్రత్యేకంగా చూశాను. మరకలు లేవు. స్కూల్లో తాగేది ఆర్‌ఓ నీళ్లు.

ఒక్క మూత్ర పరీక్షలో మాత్రం చీము కణాలు బాగా ఉన్నాయి. కల్చర్‌లో (మూత్రంలోని క్రిముల్ని పెంచి చూసే పరీక్ష) ఈ.కోలి అనే బ్యాక్టీరియా వచ్చింది. మూత్రం చిక్కగా ఉంది. అడిగితే మంటగా ఉంటుందని, పోయినేడు కూడా రెండుసార్లు ఏఎన్ఎమ్ మేడం మాత్రలిచ్చారని చెప్పింది. మలబద్ధకం ఉంది, మూడు రోజులకోసారి వెళ్తోంది. ఈ రెండూ ఒకే పిల్లలో కలిసి కనిపిస్తే, నీళ్లు తక్కువ తాగుతోందని, ఆపుకుంటోందని అర్థం. ఎందుకు ఆపుకుంటోందన్న ప్రశ్న నాకు ఆ రోజే వచ్చింది. జవాబు కోసం మాత్రం హాస్టల్‌కి వెళ్లాల్సి వచ్చింది.

పళ్లెంలో ఏముంది, కడుపులోకి ఎంత వెళ్తోంది

హాస్టల్లో గోడ మీద మెనూ చార్టు ఉంది, అమలవుతోంది కూడా. పొద్దున ఏడున్నరకు పొంగలి, ఉప్మా, కిచిడీ, పులిహోర లాంటివి. ఒంటిగంటకు అన్నం, పప్పు, కూర, చారు, మజ్జిగ, గుడ్డు. నాలుగున్నరకు వేరుశనగ చిక్కీ లేదా గుగ్గిళ్లు. రాత్రి భోజనం ఆరున్నర నుంచి ఏడు లోపు. లెక్క కడితే పూర్తిగా తినే పిల్లకు లోటు పెద్దగా ఉండదు.

ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన కొలమానం ప్రకారం 13-15 ఏళ్ల ఆడపిల్లకు రోజుకు దాదాపు 2,400 కేలరీలు, 43 గ్రాముల ప్రొటీన్, 30 మిల్లీగ్రాముల ఐరన్, 1,000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. మేము పాప పక్కన కూర్చుని, వడ్డించిందీ వదిలేసిందీ తూకం వేసి చూస్తే పదమూడు, పద్నాలుగు వందల కేలరీల దగ్గర ఆగింది. ప్రొటీన్ ముప్పై గ్రాములు. పొద్దున అర గరిటె పొంగలి. మధ్యాహ్నం ఒక్కటే పూట సరిగా తింటోంది. రాత్రికి రెండు పిడికెళ్ల మజ్జిగన్నం, అదీ ఒకరోజు తింటే ఇంకోరోజు లేదు.

రాత్రి తినకపోతే నాలుగున్నర చిక్కీ తర్వాత మర్నాడు ఏడున్నర దాకా పదిహేను గంటలు కడుపు ఖాళీ. మధ్యలో రాత్రి తొమ్మిదిన్నర దాకా స్టడీ అవర్, తెల్లవారుజామున ఐదింటికి ఇంకోటి. అంత సేపు ఖాళీగా ఉన్నాక పొద్దున ఆకలి చచ్చిపోతుంది, వికారంగా ఉంటుంది. ఉప్మా రెండు ముద్దలకే చాలనిపిస్తుంది. ఒక పూట మానేస్తే పోయేది ఒక పూట తిండే కాదు, తర్వాతి పూట కూడా సగం పోతోంది.

వంటగదిలో రెండు విషయాలు దొరికాయి. రెండూ ముఖ్యమైనవే, కానీ ఈ కేసుకు అసలు కారణం అవి కావు.

మొదటిది బియ్యం. ఆ ఏడాది ప్రభుత్వ బియ్యంలో వంద కిలోలకు ఒక కిలో బలవర్ధక గింజలు కలిపేవాళ్లు. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి గింజ ఆకారంలో ఒత్తినవి అవి. రంగులో, బరువులో కాస్త తేడాగా ఉంటాయి, కడిగేటప్పుడు కొన్ని పైకి తేలుతాయి. వంటావిడ వాటిని 'ప్లాస్టిక్ బియ్యం' అని నమ్మి, పిల్లల మంచి కోరే, జల్లెడలోకి తీసి పారేస్తున్నారు. ఆ గింజ కోసమే ప్రభుత్వం ఖర్చు పెట్టింది. నాలుగు గింజలు అరచేతిలో పెట్టి, నీళ్లలో నానబెట్టి, నలిపి పిండి అవడం చూపించాం. ఆవిడ ఆ రోజు నుంచి తీయడం మానేశారు.

రెండోది నీలం మాత్ర. రక్తహీనత తగ్గించే ప్రభుత్వ పథకం అనీమియా ముక్త్ భారత్ కింద పదేళ్ల నుంచి పందొమ్మిదేళ్ల పిల్లలకు వారానికొకటి ఇస్తారు, 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్. ఈ స్కూల్లో అది పొద్దున ప్రార్థన వరసలో, టిఫిన్‌కి ముందు ఇస్తున్నారు. ఖాళీ కడుపున ఐరన్ వికారం తెస్తుంది. పిల్లలు నాలుక కింద పెట్టుకుని, వరస కదలగానే కుంకుడు చెట్టు మొదట్లో ఉమ్మేస్తున్నారు. రిజిస్టర్‌లో మాత్రం అందరి పేర్ల ముందూ టిక్కు ఉంది. ఈ మాత్ర భోజనం తర్వాత, ఎదురుగా మింగించాలి. టీ, కాఫీ గంట అటూ ఇటూ ఉండకూడదు. మలం నల్లగా వస్తుందని ముందే చెప్పాలి. చెప్పకపోతే పిల్ల భయపడి రెండో వారం నుంచి మానేస్తుంది, ఆ భయం ఎవరికీ చెప్పదు.

రాత్రి ఎందుకు తినరు

ఒక సాయంత్రం భోజనాల వేళ అక్కడే ఉన్నాను. ఈ పాప ఒక్కతే కాదు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు చాలామంది గరిటెడు అన్నంతో లేచిపోతున్నారు. గ్లాసులు దాదాపు ముట్టుకోవట్లేదు. వార్డెన్‌ని అడిగితే "చిక్కీ తిన్నాక వీళ్లకి ఆకలుండదు మేడం" అన్నారు. పిల్లల్ని నేను అడిగితే అదే జవాబు వచ్చింది. టీచర్ల ముందు, డాక్టర్ ముందు వేరే జవాబు రాదు.

మా నర్సు అదే ప్రాంతం మనిషి, ఆవిడే ఒకప్పుడు హాస్టల్లో చదువుకున్నారు. టీచర్లు వెళ్లాక వరండాలో పిల్లల మధ్య కూర్చుని జడలు అల్లుతూ అడిగారు.

"రాత్రి నీళ్లు కూడా తాగరేందే?"

"ఆరింటికే ఆపేస్తామక్కా."

"ఎందుకు?"

నవ్వులు. కాసేపటికి ఒక పదో తరగతి అమ్మాయి చెప్పింది. "తాగితే రాత్రి లేవాలక్కా. ఆ చివర లైటు లేదు. పోయినేడు పాము తిరిగింది. రెండు తలుపులకి గడియల్లేవు. ఎనిమిదైతే నీళ్లు కూడా రావు."

ఏడో తరగతి నుంచి పిల్లలు పడుకునేది వెనక బిల్డింగ్‌లో. బాత్రూములు అక్కడికి చాలా దూరంగా, ప్రహరీ గోడ దగ్గర. ఆరో తరగతి పిల్లలు మాత్రం ముందు బిల్డింగ్‌లో, గదికి ఆనుకునే బాత్రూమ్ ఉన్నచోట పడుకుంటారు. ఈ పాప ఏడో తరగతికి వచ్చి వెనక బిల్డింగ్‌కి మారిన జూన్ నుంచే ఎత్తు ఆగింది. రిజిస్టర్‌లోని రెండు అంకెల మధ్య ఏం జరిగిందో అప్పుడు తెలిసింది. వెనక బిల్డింగ్‌కి కొత్తగా వచ్చినవాళ్లకి పెద్ద పిల్లలే చెప్తారట, రాత్రి కడుపు తేలిగ్గా ఉంచుకోమని, ఆరు దాటాక నీళ్లు తాగొద్దని. ప్రేమగా చెప్తారు. తాము పడిన భయం చిన్నవాళ్లు పడకూడదని చెప్తారు.

నెలసరి వచ్చిన పిల్లల సంగతి ఇంకా కష్టం. రాత్రి ప్యాడ్ మార్చుకోవడానికి వెళ్లలేక తెల్లారేదాకా అలాగే ఉంటున్నారు. ఆ మూడు నాలుగు రోజులు తిండి ఇంకా తగ్గిస్తున్నారు.

మరి అందరిదీ అదే భయమైతే ఈ పాప ఒక్కతే ఇంతగా ఎందుకు దెబ్బతింది? నా అంచనా ఇది. మొదటి నుంచీ నిల్వ తక్కువున్న ఒళ్లు. దానికి మూత్రంలో ఇన్‌ఫెక్షన్ పదే పదే వచ్చింది, మలబద్ధకం తోడైంది. రెండూ ఆకలిని చంపుతాయి. ఐరన్ లోపం కూడా ఆకలి తగ్గిస్తుంది. తక్కువ తినడం వల్ల ఐరన్ తగ్గింది, ఐరన్ తగ్గాక ఇంకా తక్కువ తింది. మిగతా పిల్లలు సన్నబడి ఆగారు, ఈ పాప ఎదగడమే ఆపేసింది. 2016-18 సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో దేశంలోని కౌమార పిల్లల్లో 24 శాతం మంది బీఎంఐ వయసుకు ఉండాల్సిన దానికంటే తక్కువగా ఉందని తేలింది. ఆ 24 శాతంలో ఎంతమంది తిండి లేక సన్నగా ఉన్నారు, ఎంతమంది తిండి ముందున్నా తినలేక సన్నగా ఉన్నారన్నది విడివిడిగా చూడాల్సిన ప్రశ్న అని నాకిప్పుడు గట్టిగా అనిపిస్తోంది.

ఏం చేశాం

పాపకి ఇన్‌ఫెక్షన్ మందు పూర్తి కోర్సు, మలబద్ధకానికి మందు, నులిపురుగులకు ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు ఒకసారి. ఐరన్ మాత్రలు రోజుకు రెండు చొప్పున మూడు నెలలు, మధ్యాహ్నం భోజనం తర్వాత. దాంతోపాటు పప్పన్నం మీద అర చెక్క నిమ్మరసం. పొదలకూరు నిమ్మతోటల జిల్లా మనది. మార్కెట్ ధర పడిపోయిన రోజుల్లో కాయలు తోటలోనే రాలిపోతాయి. అన్నం, పప్పు, ఆకుకూరల్లో ఉండే ఐరన్ ఒంటికి బాగా పట్టాలంటే విటమిన్ సీ అదే పూట కడుపులో ఉండాలి. పొయ్యి మీద ఉన్న కూరలో పిండితే వేడికి చాలావరకు పోతుంది, పళ్లెంలో పిండుకోవాలి. ఇది పాప ఒక్కదానికే కాకుండా మెస్ మొత్తానికీ మొదలుపెట్టించాం.

మెనూ మార్చమని అడగలేదు. కొత్త పౌడర్ డబ్బాలేవీ రాయలేదు. ఇలాంటి కేసుల్లో తల్లిదండ్రులు అప్పు చేసి హెల్త్ డ్రింక్ డబ్బా కొనుక్కురావడం చూస్తుంటాను. ఆ డబ్బుతో గుడ్లు, పల్లీలు కొనమని బతిమాలుకుంటాను. ఒక గుడ్డులో ఆరు గ్రాముల ప్రొటీన్. వంద గ్రాముల పల్లీల్లో పాతిక గ్రాముల దాకా ప్రొటీన్. వంద గ్రాముల రాగుల్లో కాల్షియం 350 మిల్లీగ్రాముల చుట్టూ ఉంటుంది. ఇవన్నీ ఆ హాస్టల్ స్టోర్‌లోనే ఉన్నాయి. మేం మార్చింది వేళలు. ఉదయం అప్పుడప్పుడూ ఇచ్చే జావని రాత్రి తొమ్మిదికి, స్టడీ అవర్ మధ్యలోకి జరిపారు. రాత్రి భోజనం ఏడున్నరకు జరిగింది. వంటవాళ్లు ఇళ్లకు వెళ్లే వేళ దాటుతుందని దీనికి కాస్త ఇబ్బంది పడ్డారు. కాబట్టి జావ కాచి మూతపెట్టి వెళ్తారు, పోయడం పెద్ద పిల్లలూ కేర్‌టేకర్ చూసుకుంటారు.

బాత్రూముల పని ఇంతకంటే కష్టమవుతుందనుకున్నాను. ప్రిన్సిపాల్ మేడం వాదించలేదు. పిల్లలు చెప్పింది ఎవరు చెప్పారో అడగలేదు, అందుకు ఆవిడకు నా నమస్కారం. వెనక బిల్డింగ్ పక్కనే రెండు మరుగుదొడ్లు విరిగిన బెంచీలతో నింపి తాళం వేసి ఉన్నాయి. బెంచీలు తీయించి, పైపు బాగు చేయించి తెరిచారు. దారి పొడవునా ఎల్ఈడీ బల్బులు, తలుపులకు గడియలు వచ్చాయి. సాయంత్రం ఏడింటికి ఇంకోసారి మోటార్ వేసి ట్యాంకు నింపడం మొదలైంది. దారి పక్క పిచ్చిచెట్లు కొట్టించారు. తొమ్మిదింపావుకు కేర్‌టేకర్ తోడు ఉండి అందర్నీ ఒకసారి పంపుతారు, రాత్రి ఎవరు లేచినా ఇద్దరుగా వెళ్లాలి. ఈ మొత్తం ఖర్చు ఒక పిల్లని ఆసుపత్రిలో వారం ఉంచితే అయ్యే దానికంటే తక్కువే ఉంటుంది.

ఒక్కటి మాత్రం స్కూల్‌కి గట్టిగా చెప్పాను. 'పళ్లెంలో వదిలితే ఊరుకోం' అన్న పద్ధతి వద్దు. భయపెట్టి తినిపిస్తే ఈ వయసు పిల్లలు అబద్ధం నేర్చుకుంటారు, అన్నం నేర్చుకోరు. కారణం తీసేస్తే వాళ్లే తింటారు.

తర్వాత

మూడు నెలలకు, డిసెంబర్‌లో, బరువు 31.8, ఎత్తు 143.4, హిమోగ్లోబిన్ 11.3. మూత్ర పరీక్ష శుభ్రంగా ఉంది. బరువు ముందు పెరిగింది, ఎత్తు తర్వాత అందుకుంది. కోలుకునే పిల్లల్లో ఈ వరసే ఉంటుంది. అందుకే మొదటి మూడు నెలల్లో ఎత్తు చూసి నిరాశపడొద్దని వాళ్లమ్మకు ముందే చెప్పాను. ఏప్రిల్‌లో బరువు 34.6, ఎత్తు 146.3, హిమోగ్లోబిన్ 12.2. ఏడు నెలల్లో నాలుగు సెంటీమీటర్ల పైన. మైనస్ 2 గీతకు కొద్దిగా పైకి వచ్చింది. పీఈటీ మేడం మళ్లీ కబడ్డీ టీమ్‌లోకి తీసుకున్నారు.

ఇందులో దేని వాటా ఎంతో నేను విడదీసి చెప్పలేను. ఇన్‌ఫెక్షన్ తగ్గడం, ఐరన్ అందడం, రాత్రి భోజనం, తొమ్మిదింటి జావ, అన్నీ ఒకేసారి జరిగాయి. వయసు ప్రకారం రావాల్సిన సాగుడు కూడా ఇదే సమయంలో వచ్చి ఉండొచ్చు. అయితే ఆరో తరగతిలో పెరిగి, గది మారాక ఆగి, దారిలో వెలుగొచ్చాక మళ్లీ పెరిగిన వరస చూస్తే రాత్రి తిండి మీదే నా వేలు నిలుస్తుంది. తోటి పిల్లల పళ్లేల్లో మిగులు తగ్గిందని వంటావిడే చెప్పారు. రాత్రి బియ్యం కొలత పెంచాల్సి వచ్చిందట.

హాస్టళ్లకు తనిఖీకి వచ్చేవాళ్లు స్టోర్ రూమ్ చూస్తారు, గుడ్ల ట్రేలు లెక్కపెడతారు, పప్పు రుచి చూస్తారు. అవి చూడాల్సినవే. కానీ వాళ్లు పగలే వస్తారు. నాలాంటి డాక్టర్లూ పగలే వెళ్తాం, వరసలో నిలబెట్టి కళ్లూ నాలుకా చూసి మాత్రలు రాసిస్తాం. నెల్లూరు, ప్రకాశం మెట్టలో ఇలాంటి పాత బిల్డింగ్‌ల హాస్టళ్లు చాలా ఉన్నాయి. సన్నబడిన పిల్లని చూసినప్పుడు రాత్రి ఏం తిన్నావని కాక, రాత్రి ఎన్నిసార్లు లేస్తావు, ఎక్కడికి వెళ్తావు, ఎవరు తోడొస్తారని అడగడం నేను మొదలుపెట్టాను. మూత్రంలో మంట గురించి మగ డాక్టర్లకు పిల్లలు చెప్పరు, ఏఎన్ఎమ్‌తో అడిగించాలి. మగపిల్లల హాస్టళ్లలో ఈ బాధ ఇంతగా ఉండదు. అక్కడ కూర ముందు వరసకే అయిపోవడం, చిన్న తరగతుల గుడ్లు పెద్దవాళ్లు లాక్కోవడం ఎక్కువ. అది వేరే కేసుగా రాయాలి.

స్కూల్‌తో కలిసి చేసిన ఇంకో మార్పు రిజిస్టర్‌లో. ప్రతి పిల్లకీ ఒక కార్డు, ఆరు నుంచి పది దాకా అదే కార్డు, వెనక గ్రాఫ్. జూన్, డిసెంబర్ కొలతలు టీచరే చుక్క పెట్టి గీత కలుపుతారు. గీత అడ్డంగా సాగినా, కిందకి వంగినా ఆ వారమే ఏఎన్ఎమ్‌కి చూపాలి.

వేసవి సెలవుల్లో పాప అమ్మానాన్నలతో బెంగళూరు పని చోటికి వెళ్లింది. జూన్ 2024 కొలతల్లో ఎత్తు 147.4, బరువు 34.1. అంటే ఎత్తు పెరిగింది, అర కిలో బరువు తగ్గింది. రేకుల షెడ్డులో ఎండలకు తిండి తక్కువైందని, కడుపు రెండుసార్లు చెడిందని వాళ్లమ్మ చెప్పారు. అప్పటికి వారానికొక నీలం మాత్ర కొనసాగుతోంది, ఆల్బెండజోల్ ఆగస్టు 10న మళ్లీ వేయాల్సి ఉంది. ఆగస్టు చివర్లో మళ్లీ చూడాలనుకున్నాను. అప్పటికి బరువు 35 దాటకపోతే సీలియాక్ (గోధుమ పడక పేగు దెబ్బతినే జబ్బు) రక్త పరీక్ష, మళ్లీ మూత్రం కల్చర్ చేయించాలన్నది నా ఆలోచన.